చల్లగున్నప్పుడే చూడాలె

ఏడింటికొస్తమని చెప్పి ఐదింటికే పోయినం.
యాకూబ్ మామ పన్నిన ఉపాయం అది.
పరకాల దాటినంక జిన్నింగు మిల్లు ఎనుక,
పత్తి పీచు పట్టిన తుమ్మకంప పక్కన
నీలం లారీ నిలబడ్డది
మంచుకు తడిసిన బర్రె లెక్క.

మామ తాళం అడగలే, రేటు అడగలే.
బానెట్ లేపి ఇంజన్ మీద అరచెయ్యి పెట్టిండు,
జరమొచ్చిన పిల్లగాని నుదురు చూసినట్టు.
"సల్లగుంది" అన్నడు.
ముందే వేడి చేసి పెట్టిన ఇంజన్
నేర్పిచ్చి తెచ్చిన సాక్షి అసొంటిదట,
ఏమడిగినా సక్కగనే చెప్తది.

నాకు కావాల్సింది ఉరుకుడు కాదు, గుంజుడు.
మాఘంల జాతర. పస్రా దాటినంక దిగబడే బస్సులు,
జంపన్నవాగు ఇసుకల ఇరుసు దాకా కూరుకునే ట్రాక్టర్లు.
పోయిన జాతరకు వేరేటోని బండితోని గుంజిన.
బురద మొత్తం నాది, రూపాయిల పావలా నాది.

బండి ఓదెలక్క పేరు మీద ఉన్నది.
డ్రైవర్లు మారిండ్రు, ఆమె మారలే.
మబ్బుల లేపినమని కోపం కూడ లేదు,
చెంబుల నీళ్లతోని నోరు పుక్కిలిచ్చి
"చూసుకోండ్రి" అన్నది.

మామ టార్చి కొట్టిండు. కొత్త రంగు లేదు.
పాత జిడ్డు, దాని మీద దుమ్ము, దాని మీద మల్ల జిడ్డు.
కడగని ఇంజనంటె మామకు మర్యాద.
"కడిగినోడు ఏదో దాస్తడు బిడ్డా."
డిప్‌స్టిక్కు గుంజి నూనెను వేళ్ల నడుమ రాసిండు,
ముక్కుకు పెట్టుకున్నడు,
నాలికకు పెట్టుకుంటడేమో అని నాకు భయమైంది.
రేడియేటర్ల నీళ్ల మీద నూనె మెరుపు లేదు.
"ఇగ కొట్టు."

ఒకసారి దగ్గింది. రెండోసారికి
ఇనుప డబ్బాల గులకరాళ్లు పోసినట్టు లేచింది.
తెల్లపొగ. మిల్లు గోడ కానరాలే.
నా పానం జారింది. మామ గడియారం చూసుకుంట నిలబడ్డడు.
చలికి తెల్లగొస్తది, పోతది,
పోకుంటెనే రంది.
రెండు నిమిషాలకు గోడ మల్ల కనవడ్డది,
దాని మీద పాత ఎలచ్చన్ల రాతలతో సహా.

వాచ్‌మన్‌ను బతిలాడి
బేళ్ల ట్రైలర్ తగిలిచ్చుకున్నం.
కాంట ఏటవాలు మీదికి ఎక్కిచ్చిన.
నల్లగ కక్కింది, మూలిగింది, ఎక్కింది.
నేను నవ్వుకుంట మామ దిక్కు చూసిన.
"ఎక్కుడు సరే, దిగు" అన్నడు.
దిగేటప్పుడు ఎనుకున్న బరువు నన్నే నూకింది.
గుంజేటోడు నూకిచ్చుకుంటడని
అప్పటిదాక నాకు తట్టలే.

వేడెక్కినంక మామ నూనె మూత విప్పి
అదే బొక్క మీద బోర్లించిండు.
ముగ్గురం వంగినం.
ఎగిరి పడితే రింగులు పోయినట్టు.
మూత గలగలమన్నది, ఓ అంచు లేచింది,
ఎసరొచ్చిన గిన్నె మీది సిబ్బి లెక్క.
పడలే. ఊకోలే.
మామ ఏం అనలే.

ఓదెలక్కనే అన్నది:
"మూడో సిలిండర్. కాటారం తొవ్వల బరువు మీద
దమ్ము పడ్తది. రెండేండ్ల సంది.
చూడొచ్చినోళ్లు టైర్లు తన్ని పోయిండ్రు,
ఎవ్వరడగలే, నేను చెప్పలే.
మీరు చెయ్యి పెట్టి చూసిండ్రని చెప్తున్న."

నలభై ఏండ్లు ఇంజన్లు విని మామ కుడిచెవి పోయింది.
ఎడమచెవి ఎనుక బొక్కకు స్క్రూడ్రైవర్ పిడి ఆనిచ్చి
ఒక్కొక్క ఇంజెక్టర్ కాడ ఆగుకుంట పోయిండు.
మూడోదాని కాడ జర ఎక్కువసేపు ఉన్నడు,
కైకిలి బాకీ ఉన్న ఇంటి ముందు నిలబడ్డట్టు.

"దానికి నలభై వేలు తగ్గియ్యాలె."
"ముప్పై" అన్నది ఓదెలక్క.
"నిజం చెప్పినందుకు పది నాది."

ఇంజన్ కొట్టుకుంటనే ఉన్నది.
ఆమె మామకు కుడిదిక్కు నిలబడ్డది,
వినవడలేదేమో అనుకున్న.
మామ మూత తీసి బనీనుకు తుడిచి
బొక్క మీద పెట్టి, పానా ముట్టకుంట,
చేత్తోనే బిగిచ్చిండు.